పేగు జబ్బు ఉన్నవారు మూలికలను, పోషక మాత్రలను ఎలా వాడుకోవాలి

నాకు పెద్దపేగులో పుండ్లు ఉన్నాయని, దానిని అల్సరేటివ్ కొలైటిస్ అంటారని తేలిన నెలలోపే మా ఇంటి అలమరలో ఒక అర నిండిపోయింది. పీలేరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ కరక్కాయ పొడి తెచ్చింది, పక్కింటివారు పెరట్లోని కలబంద మట్టలు కోసి ఇచ్చారు, మా తమ్ముడు పసుపు మాత్రల డబ్బా కొనిపెట్టాడు. అన్నీ ప్రేమతో వచ్చినవే కాబట్టి దేనినీ కాదనలేక మూడింటినీ ఒకే వారంలో మొదలుపెట్టాను. ఇరవై రోజులకు మలంలో మళ్లీ రక్తం కనిపించింది. “ఏది మొదలుపెట్టిన తరువాత ఇలా అయింది?” అని డాక్టరు గారు అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. మూడూ ఆపేశాను, వాటిలో ఒకటి నాకు మేలు చేస్తూ ఉండి ఉంటే, ఆ మేలు కూడా పోయింది. ఆ రోజు చెప్పలేకపోయిన సమాధానాన్ని మీరు చెప్పగలగాలన్నదే ఇక్కడ నా ఉద్దేశం.

అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి, ఐబీఎస్ వంటి ఏళ్ల తరబడి వెంట ఉండే పేగు సమస్యలున్న పెద్దవారి కోసం ఇది రాస్తున్నాను. పిల్లల విషయం, గర్భిణుల విషయం, పాలిచ్చే తల్లుల విషయం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారి విషయం వేరు. వారు డాక్టరు రాసి ఇచ్చినది తప్ప సొంతంగా ఏదీ మొదలుపెట్టకూడదు.

ముందుగా జబ్బు పేరు కచ్చితంగా తెలుసుకోండి

మన వైపు కడుపులో వచ్చే ప్రతి బాధకూ ‘గ్యాస్’, ‘వేడి చేసింది’, ‘పేగుపూత’ అన్న మూడు మాటలు సరిపోతాయి. మందు ఎంచుకోవడానికి మాత్రం అవి సరిపోవు. ఐబీఎస్‌లో పేగు కదలికలు, నొప్పిని గ్రహించే తీరు దెబ్బతింటాయి కానీ పేగులో పుండ్లు ఉండవు, రక్తం పడదు. అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడతాయి. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ లోతుకంటా పాకవచ్చు, కాలం గడిచేకొద్దీ పేగు దారి అక్కడక్కడ సన్నబడవచ్చు. మన దేశంలో పేగుకు వచ్చే క్షయ కూడా చూడటానికి క్రోన్స్ లాగానే ఉంటుంది. ఈ నాలుగింటిలో ఒకదానికి మేలు చేసేది ఇంకొకదానికి ప్రమాదం కావచ్చు. పీచు పదార్థం ఐబీఎస్ వారిలో చాలామందికి హాయినిస్తుంది, పేగు సన్నబడిన క్రోన్స్ వారికి అదే అడ్డుపడి ఆపరేషన్ దాకా తీసుకుపోగలదు.

అందువల్ల కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష), బయాప్సీ (చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) రిపోర్టులను దగ్గర పెట్టుకుని డాక్టరును నాలుగు సంగతులు అడిగి రాసుకోండి: జబ్బు పేరు ఏమిటి, పేగులో ఏ భాగంలో ఉంది, ఎక్కడైనా దారి సన్నబడిందా, ఇప్పుడు జబ్బు రేగి ఉందా అణిగి ఉందా. చిత్తూరు నుంచి వేలూరుకు వెళ్లి చూపించుకునేవారు, తిరుపతిలోనే స్విమ్స్‌లోనో రుయాలోనో చూపించుకునేవారు ఈ కాగితాలను ఒకే ఫైలులో ఉంచుకుంటే, తరువాత ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా కథ మొదటినుంచి చెప్పవలసిన అవసరం ఉండదు.

రాసి ఇచ్చిన మాత్రలను ఆపకండి

ఈ ఒక్క మాట నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. పేగు వాపును అణచే మెసలమైన్ మాత్ర వాడుతుండగా ఆరు నెలలు బాగుంటే, ఆ బాగుండటం మాత్ర వల్ల అని మనసుకు తోచదు. జబ్బు పోయిందని తోస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఎవరో “ఇంగ్లీషు మందు ఎన్నాళ్లు మింగుతావు, ఇది పట్టు” అని ఒక పొడి చేతిలో పెడతారు. మూలిక మొదలుపెట్టడం, మాత్ర ఆపడం ఒకే రోజు జరిగిపోతాయి. జబ్బు తిరగబెట్టినప్పుడు తప్పు మూలికదా, మాత్ర మానడం వల్లనా అన్నది తేలదు. స్టెరాయిడ్లను ఉన్నట్టుండి మానడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే వారాల తరబడి బయటి నుంచి అందిన హార్మోనుకు అలవాటుపడిన శరీరం తనంతట తాను దానిని వెంటనే తయారు చేసుకోలేదు. పసుపు మీద జరిగిన మంచి పరిశోధనలలో కూడా దానిని మెసలమైన్, సల్ఫాసలజీన్ వంటి మాత్రలకు తోడుగానే ఇచ్చారు, వాటికి బదులుగా ఇవ్వలేదు. మీరు వాడబోయేది ఏదైనా పక్కన చేరే తోడు మాత్రమేనని ముందే నిశ్చయించుకోండి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి

కొత్తది ఏదైనా మొదలుపెట్టడానికి కనీసం రెండు వారాల ముందు నుంచి రాయడం మొదలుపెట్టాలి. మామూలు రోజులు ఎలా ఉంటాయో కాగితం మీద లేకపోతే, మార్పు వచ్చిందని చెప్పడానికి ఆధారం ఉండదు. నా పుస్తకం స్కూలు పిల్లలు వాడే గీతల నోటు పుస్తకమే. ప్రతి రోజుకూ ఒకే వరుస: తేదీ, విరేచనం ఎన్నిసార్లు, గట్టిగానా జారుడుగానా, రక్తం ఉందా, జిగట ఉందా, రాత్రి నిద్రలోంచి లేవవలసి వచ్చిందా, నొప్పి పదింటికి ఎంత, మాత్రలన్నీ వేసుకున్నానా, కొత్తగా ఏమి తిన్నాను. అలా ఒక వరుస ఇలా ఉంటుంది: “14వ తేది. 4 సార్లు. జారుడు. రక్తం లేదు, జిగట కొంచెం. రాత్రి లేవలేదు. నొప్పి 2. మాత్రలు అన్నీ. మధ్యాహ్నం సంగటిలోకి ఊరుబిండి, కారం ఎక్కువ.” రాయడానికి నిమిషం కూడా పట్టదు. పడుకునే ముందు రాయకపోతే మరునాటికి సగం మరచిపోతాము కాబట్టి పుస్తకాన్ని మంచం పక్కనే ఉంచుకోవడం మేలు.

మొదలుపెట్టే రోజును కూడా ఆలోచించి ఎంచుకోండి. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర జరిగే వారంలో, ఇంట్లో పెళ్లి ఉన్న వారంలో, పెరటాసి శనివారాలు ఉపవాసం ఉండే నెలలో తిండి తీరు మామూలుగా ఉండదు. ఆ రోజులలో మొదలుపెట్టిన మందు చేసిన పని ఏది, మసాలా చేసిన పని ఏది అన్నది ఎవరూ విడదీయలేరు. యాంటీబయాటిక్ వాడుతున్న వారాన్ని కూడా వదిలేయండి. జబ్బు రేగి రక్తం పడుతున్నప్పుడు అసలు మొదలుపెట్టవద్దు. అప్పుడు కావలసింది డాక్టరు మందు మార్చడం.

లోటు ఉన్నదానిని పరీక్ష చేయించి పూరించండి

పోషక మాత్రల విషయంలో ఊహకు చోటు లేదు, ఎందుకంటే చాలా లోట్లు రక్తపరీక్షలో తెలిసిపోతాయి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపేది), బీ12, విటమిన్ డి, ఫోలిక్ ఆమ్లం ఎంత ఉన్నాయో చూపించుకుని, లోటు ఉన్నదానిని మాత్రమే తీసుకోండి. నా అభిప్రాయంలో ‘ఇమ్యూనిటీ’ పేరుతో అమ్మే ఖరీదైన పొడుల కంటే ఈ పరీక్షలకు పెట్టే డబ్బే పేగు జబ్బు వారికి ఎక్కువగా అక్కరకు వస్తుంది.

బీ12ను శరీరం లోపలికి తీసుకునేది చిన్నపేగు చివరి భాగం. క్రోన్స్ ఆ భాగంలోనే ఉన్నవారికి, ఆపరేషన్‌లో ఆ భాగాన్ని తీసివేసినవారికి మామూలు మాత్రలు సరిపోకపోవచ్చు కాబట్టి డాక్టర్లు తరచుగా సూది మందు రాస్తారు. సల్ఫాసలజీన్ వాడేవారిలో ఫోలిక్ ఆమ్లం సరిగా ఇంకదు. స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవారి ఎముకలు పలచబడతాయి, వారికి కాల్షియం, విటమిన్ డి చూసుకోవాలి. మనకు రాగులు ఉన్నాయి కదా అనవచ్చు, నిజమే. 100 గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే జబ్బు రేగినప్పుడు ముద్ద సంగటిలోని పీచు పేగుకు బరువవుతుంది. ఆ రోజులలో పలుచగా కాచి వడకట్టిన రాగి జావ తాగడం మంచిది.

విటమిన్ డి పొట్లాల దగ్గర జరిగే పొరపాటును మీకు ప్రత్యేకంగా చెప్పాలి. 60,000 యూనిట్ల పొట్లం సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు వాడవలసినది. దానిని రోజుకొకటి పాలలో కలుపుకుని తాగి, రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులతో ఆసుపత్రిలో చేరినవారు ఉన్నారు. చీటీలో ‘వారానికి’ అన్న మాటను మందుల అంగడిలోనే చదివించుకుని, ఏ వారం వేసుకోవాలో క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా మారుస్తాయి. పేగులో పైభాగాన రక్తస్రావం జరిగినా మలం నల్లగానే వస్తుంది. ఐరన్ వాడుతున్నామని తెలియని డాక్టరు కంగారుపడవచ్చు, ఐరన్ వల్లనే అని మనం అసలు రక్తస్రావాన్ని పట్టించుకోకపోవచ్చు. తారులాగా జిగటగా, దుర్వాసనతో, తలతిరుగుడుతో కలిసి వస్తే ఐరన్ మీదకు నెట్టకుండా వెంటనే చూపించుకోండి. జబ్బు రేగి ఉన్న కాలంలో నోటి ద్వారా ఐరన్ పడనివారికి సెలైన్‌లో ఎక్కించే పద్ధతి ఉంది, దానిని అడగడానికి మొహమాటపడకండి.

ఎక్కువగా చేతికి వచ్చే మూలికల గురించి

ఇసబ్గోల్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు నిలిచిన మేలు చేసినది అదే. 1999లో స్పెయిన్‌లో అణిగి ఉన్న అల్సరేటివ్ కొలైటిస్ వారికి ఇసబ్గోల్ జాతి గింజలను పూటకు 10 గ్రాముల చొప్పున రోజుకు రెండు పూటలా ఏడాదిపాటు ఇచ్చి చూస్తే, జబ్బు తిరగబెట్టడాన్ని ఆపడంలో మెసలమైన్‌కు కొంచెం అటూ ఇటూగా నిలిచింది. ఆ పరిశోధన చిన్నది, దానిని పట్టుకుని మెసలమైన్ మానకూడదు. కానీ ఈ పీచు పేగు కణాలకు ఆహారమైన బ్యూటిరేట్ తయారీకి ముడిసరుకు అవుతుందని చెప్పడానికి ఆధారం ఉంది.

వాడే ముందు ఒక పని చేసి చూడండి. చిన్న చెంచాడు పొట్టును ఒక గ్లాసు అడుగున వేసి, అది మునిగేంత నీళ్లు మాత్రమే పోసి పది నిమిషాలు పక్కన పెట్టండి. నీళ్లన్నీ పీల్చుకుని అది సగ్గుబియ్యం జావ చల్లారినట్లు, గ్లాసు వంచినా కదలని ముద్దగా మారుతుంది. తక్కువ నీళ్లతో మింగితే ఆ ముద్ద మీ గొంతులోనో, సన్నబడిన పేగులోనో తయారవుతుంది. అందువల్ల నిండు గ్లాసు నీళ్లలో కలిపి, ఉబ్బకముందే తాగి, వెంటనే ఇంకొక గ్లాసు నీళ్లు తాగాలి. అరచెంచాతో మొదలుపెట్టి వారానికి అరచెంచా చొప్పున మాత్రమే పెంచాలి, లేకపోతే కడుపు ఉబ్బరం మొదలై మంచి మందును అనవసరంగా వదిలేస్తారు. మిగతా మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి, ఎందుకంటే ఆ ముద్దలో మాత్ర చిక్కుకుంటే ఒంటికి అందదు. పేగు సన్నబడిందని రిపోర్టులో ఉన్నవారు దీనిని ముట్టుకోకూడదు.

పసుపు విషయంలో వంటింటి పసుపునూ మాత్రనూ ఒకటిగా చూడవద్దు. పసుపులో పనిచేసే పదార్థంగా లెక్కించే కర్కుమిన్ సుమారు 3 శాతమే ఉంటుంది. 2006లో జపాన్‌లో రోజుకు 2 గ్రాముల కర్కుమిన్‌ను మాత్రలకు తోడుగా ఆరు నెలలు ఇచ్చి చూశారు, 2015లో వచ్చిన మరొక పరిశోధనలో 3 గ్రాములు ఇచ్చారు. రెండింటిలోనూ తోడు తీసుకున్నవారి పరిస్థితి మెరుగ్గా ఉంది. 2 గ్రాముల కర్కుమిన్ కావాలంటే 65 గ్రాములకు పైగా పసుపు తినాలి, అది ఎవరికీ సాధ్యం కాదు. కాబట్టి పాలలో చిటికెడు పసుపు వేసుకుని తాగడం మంచి అలవాటే అయినా దానిని చికిత్స అనుకోకూడదు. ఇక మాత్రల విషయానికి వస్తే, శరీరానికి బాగా పట్టడానికి చాలా కంపెనీలు మిరియాల సారమైన పైపరిన్‌ను కలుపుతున్నాయి. అది పసుపునే కాదు, వేరే మందులను కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలపగలదు. పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి, వాటిలో కొన్ని పైపరిన్ కలిసినవి. అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్ వంటి, ముందే కాలేయం మీద కన్నేసి ఉంచవలసిన మందులు వాడేవారు డాక్టరుకు చెప్పి, మొదలుపెట్టే ముందు ఒకసారి, నెల రోజులకు మరొకసారి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవారు కర్కుమిన్ మాత్రల జోలికి పోవద్దు.

కలబంద మట్టను కోసిన వెంటనే కోత అంచున పచ్చగా, కంపు కొడుతూ, నాలుకకు అంటితే చేదెక్కే జిగురు కారుతుంది. అది ఘాటైన విరేచనకారి. అటువంటి జిగురుతో చేసిన విరేచన మందులను 2002లో అమెరికా ప్రభుత్వం చీటీ లేకుండా అమ్మే మందుల జాబితా నుంచి తీసివేసింది. 2004లో బ్రిటన్‌లో 44 మంది మీద జరిగిన చిన్న పరిశోధనలో కలబంద గుజ్జు కొంత మేలు చేసినట్లు కనిపించింది, కానీ అక్కడ వాడినది పెరట్లో కోసిన మట్ట కాదు. అయినా వాడదలచుకుంటే మట్టను కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గిన్నెలో అరగంట నిలబెట్టి జిగురంతా కారిపోనివ్వాలి, పచ్చతొక్కను లోతుగా చెక్కివేయాలి, గుజ్జును నీళ్లు తేటగా వచ్చేదాకా ఐదారుసార్లు కడగాలి. నేను ఆ మొదటిసారి ఇవేవీ చేయలేదు. తొక్కతో సహా మిక్సీలో వేసి తాగాను. రక్తం పడటానికి కారణం అదేనని నేను అనుమానిస్తాను, రుజువు చేయలేను.

సునాముఖి ఆకు, త్రిఫల చూర్ణం వంటివి విరేచనం సాఫీగా కావడానికి పెద్దలు వాడినవే. మలబద్ధకం ఎక్కువగా ఉండే ఐబీఎస్ వారికి త్రిఫల సరిపడవచ్చు. విరేచనాలతోనే బాధపడే కొలైటిస్ వారికి అవి మంట మీద ఆజ్యమే. మారేడు సంగతి వేరు. పచ్చికాయ గుజ్జు విరేచనాలను కడుతుందని, బాగా పండిన పండు జారుడు చేస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. కపిల తీర్థం దగ్గర రాలిన పండ్లను ఏరుకొచ్చి, పచ్చికాయ గుణం ఆశించి తినేవారు ఈ తేడాను గమనించాలి.

తిప్పతీగ, పెన్నేరుగడ్డ అనే అశ్వగంధ, ఈ రెండింటి విషయంలో నేను జాగ్రత్త మాట కాదు, వద్దన్న మాటే చెబుతాను. కొలైటిస్, క్రోన్స్ రెండూ శరీరపు రక్షణ వ్యవస్థ అదుపు తప్పి పేగు మీద పడటం వల్ల వచ్చే జబ్బులు. మనం మింగే అజాథయోప్రిన్ వంటి మందులు ఆ వ్యవస్థను అణచడానికే. దానిని ఉసిగొల్పే మూలికను పక్కన వేసుకోవడం ఒక చేత్తో ఆర్పుతూ మరో చేత్తో విసరడమే. కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం తాగిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్న తీరును ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆ నిర్ధారణతో ఆయుష్ మంత్రిత్వ శాఖ విభేదించింది. ఆ వాదం తేలేదాకా పేగు జబ్బు ఉన్న మనం ప్రయోగ వస్తువులం కానవసరం లేదు. అతిమధురం కూడా చాలా దగ్గు మందులలో, కషాయాలలో ఉంటుంది. స్టెరాయిడ్లు వాడుతున్నప్పుడు అది రక్తంలో పొటాషియాన్ని మరింత తగ్గించి రక్తపోటును పెంచగలదు.

సాంబ్రాణి జాతి బంకను, సల్లకి అన్న పేరుతో, కొలైటిస్‌కు వాడి చూసిన భారతీయ పరిశోధనలు ఉన్నాయి, అవి చిన్నవి. ఒక మాట మాత్రం చెప్పాలి: ప్రధానంగా మన శేషాచలం కొండలలో పెరిగే కొండ సాంబ్రాణి వేరే జాతి చెట్టు, అంతరించిపోయే ముప్పులో ఉన్నది. దాని బంకను ఎవరైనా పేగు మందు అని అమ్మితే కొనకండి.

మేలు చేసే సూక్ష్మజీవులతో తయారయ్యే ప్రోబయాటిక్‌లలో పేరుకంటే రకం ముఖ్యం. 1917లో జర్మన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ నిస్లే వేరుచేసిన ఒక ఈ.కోలి బ్యాక్టీరియా రకం, అణిగి ఉన్న అల్సరేటివ్ కొలైటిస్‌ను అణిగి ఉంచడంలో మెసలమైన్‌తో సమానంగా నిలిచింది. క్రోన్స్‌లో ప్రోబయాటిక్‌లకు అటువంటి ఫలితం కనబడలేదు. ఇంటి పెరుగులో మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయి కానీ ఏ రకం ఎంత ఉందో లెక్క ఉండదు. పాలు పడనివారికి కూడా పలుచని మజ్జిగ తరచుగా పడుతుంది, దానిని ఆహారంగా తీసుకోండి. రక్షణ వ్యవస్థను బాగా అణచే మందుల మీద ఉన్నవారు ఈస్టుతో చేసిన ప్రోబయాటిక్ గుళికలను డాక్టరును అడగకుండా వాడకూడదు.

డాక్టరుతో ఎలా మాట్లాడాలి

“మూలికలు వాడవచ్చా?” అని అడిగితే పది మందిలో తొమ్మిది మంది డాక్టర్లు “ఏమీ వద్దు” అని తల ఊపి తరువాతి రోగిని పిలుస్తారు. దానితో మనం చెప్పకుండా వాడటం మొదలుపెడతాము. ప్రశ్నను మార్చండి. డబ్బాను బల్ల మీద పెట్టి, “ఇందులో ఫలానాది ఇన్ని మిల్లీగ్రాములు ఉంది. నేను వాడుతున్న అజాథయోప్రిన్‌తో కలిస్తే కాలేయానికి ఇబ్బంది ఉంటుందా? వాడితే ఏ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి?” అని అడగండి. ఇలా అడిగిన రోజు నుంచి నాకు విసుగుతో కూడిన జవాబు రాలేదు. ఆయుర్వేద వైద్యుణ్ణి సంప్రదించాలనుకుంటే తిరుపతిలో దేవస్థానం వారి ఆయుర్వేద వైద్యశాల ఉంది. అక్కడికి కూడా కొలనోస్కోపీ రిపోర్టును, ఇంగ్లీషు మందుల చీటీని తీసుకుని వెళ్లండి. ఇద్దరు వైద్యులకూ రెండు చీటీలూ తెలియాలి. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు మీద మన ప్రాంతానికి ఉన్న నమ్మకం తరాల నాటిది, కానీ పేగు లోపలి పుండు చేతికి తగిలేది కాదు, కంటికి కనిపించేది కాదు. దానికి పరీక్ష ఒక్కటే కన్ను.

కొనేటప్పుడు

ఆహార పోషకంగా అమ్మేదాని మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల సంఖ్య ఉండాలి, అది మందు కాదన్న మాట కూడా ఉండాలి. ఆయుర్వేద ఔషధం అయితే తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఏ ద్రవ్యం ఎంత ఉందో తెలిపే జాబితా ఉండాలి. ఈ రెండూ లేకుండా కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే పొడిని, ఇచ్చినవారు ఎంత మంచివారైనా, తీసుకోకండి. 2004లో అమెరికాలోని బోస్టన్ అంగళ్లలో కొన్న, మన ఉపఖండంలో తయారైన 70 ఆయుర్వేద ఉత్పత్తులలో 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నట్లు తేలింది.

పేరు లేని పొడి వాడిన మూడు నాలుగు రోజులకే రక్తం ఆగి, ఆకలి పెరిగి, కొన్ని వారాలకు ముఖం నిండుగా కనిపించడం మొదలైతే సంతోషించకండి. అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. మీ జబ్బు నిజానికి పేగు క్షయ అయి ఉంటే, ఆ స్టెరాయిడ్ దానిని ఒళ్లంతా పాకించగలదు.

మొదలుపెట్టడం, చూడటం, ఆపడం

ఒకసారికి ఒకటే. సూచించిన మోతాదులో సగంతో మొదలుపెట్టి, ఒక వారం ఇబ్బంది లేకపోతే పూర్తి మోతాదుకు వెళ్లండి. పసుపు మాత్రలను, ఐరన్‌ను పరగడుపున వేసుకుంటే కొందరికి వికారం పుడుతుంది, కొంచెం తిన్న తరువాత వేసుకోవచ్చు. కాల్షియం, ఐరన్ ఒకదానినొకటి అడ్డుకుంటాయి కాబట్టి ఒకటి ఉదయం, ఒకటి రాత్రి పెట్టుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఆ రెండింటికీ దానికీ నాలుగు గంటల ఎడం ఉంచాలి. ఎనిమిది వారాలు వాడిన తరువాత పుస్తకంలో మొదటి రెండు వారాలను, చివరి రెండు వారాలను పక్కపక్కన పెట్టి చదవండి. కుదిరితే వాపును చూపే సీఆర్‌పీ (రక్తంలో), కాల్‌ప్రొటెక్టిన్ (మలంలో) పరీక్షలను కూడా పోల్చండి, ఎందుకంటే ఒంటికి హాయిగా ఉన్నా లోపల వాపు కొనసాగుతూ ఉండవచ్చు. తేడా కనిపించకపోతే ఆపేయండి. డబ్బాలో మాత్రలు మిగిలిపోయాయని కొనసాగించవద్దు. ఆపిన తరువాత రెండు వారాలు ఖాళీగా ఉంచి, ఆ తరువాతనే ఇంకొకదాని గురించి ఆలోచించండి.

ఎనిమిది వారాల దాకా ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పుట్టినా ఆ రోజే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోండి. రోజుకు ఆరు లేక అంతకంటే ఎక్కువ సార్లు రక్తంతో విరేచనాలు అవుతూ, దానికి తోడు జ్వరం వచ్చినా, గుండె వేగంగా కొట్టుకున్నా అది ఆసుపత్రిలో చేరవలసిన స్థితి. కడుపు ఉబ్బి, వాంతులు అవుతూ, అపానవాయువు కూడా వెళ్లకపోతే పేగుకు అడ్డు పడిందని అనుకుని రాత్రయినా బయలుదేరండి. వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు నోటు పుస్తకాన్ని, మూలిక డబ్బాను కూడా సంచిలో వేసుకోండి.

చెడు ఫలితం వచ్చిన డబ్బాను కోపంతో పారేయకండి. దాని మీది బ్యాచ్ నంబరును పుస్తకంలో రాసుకుని, మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం వారి ఉచిత నంబరు 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పండి, లేదా చికిత్స చేసిన డాక్టరునే నమోదు చేయమని అడగండి. వారు అడిగే మొదటి ప్రశ్నలు ఏది వాడారు, ఎంత వాడారు, ఏ తేదీన మొదలుపెట్టారు అన్నవే. మూడూ మీ పుస్తకంలో ఒకే వరుసలో ఉంటాయి.